చౌడు నేల సూక్ష్మజీవి మూసీని కడుగుతుందా?

కాలుష్యాన్ని తినే ఉప్పునీటి బ్యాక్టీరియా జన్యుక్రమాన్ని శాస్త్రవేత్తలు చదివారన్న వార్త వచ్చిన ప్రతిసారీ నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఒకటే ప్రశ్న వినిపిస్తుంది. అయితే ఇక మూసీ బాగుపడుతుందా? ఫార్మా కంపెనీల చుట్టుపక్కల బోర్లలో మళ్లీ తాగే నీళ్లు వస్తాయా? ఫ్లోరైడ్ కూడా పోతుందా? మూడింటికీ కలిపి అవుననో కాదనో చెప్పేస్తే అబద్ధమవుతుంది. ఫ్లోరైడ్ విషయంలో జవాబు కచ్చితంగా కాదు. మూసీ విషయంలో నేరుగా కాదు. ఫార్మా వ్యర్థజలాల విషయంలో మాత్రం అవును, అయితే మనం ఊహించే చోట కాదు. ఆ సూక్ష్మజీవికి తగిన చోటు నది కాదు, ఫ్యాక్టరీ గోడ లోపల ఆవిరి యంత్రానికి ముందు ఉండే ట్యాంకు. ఈ తేడా తెలియకుండా పెట్టుకునే ఆశ ఎంత నష్టమో, పెదవి విరిచి వదిలేయడమూ అంతే నష్టం.

ముందు ఉప్పు సంగతి. చౌటుప్పల్, పోచంపల్లి, బీబీనగర్ చుట్టూ బల్క్‌డ్రగ్ యూనిట్లు ఉన్నాయి. 2016 జిల్లాల విభజనలో ఈ మండలాలు యాదాద్రి భువనగిరిలోకి వెళ్లినా అక్కడి నీళ్ల బాధ ఉమ్మడి నల్లగొండ బాధే. అటు జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ ఉంది. మందు ముడిపదార్థం తయారీలో ఆమ్లం, క్షారం కలిసి తటస్థమైన ప్రతిచోటా ఉప్పు పుడుతుంది. సోడియం క్లోరైడ్, సోడియం సల్ఫేట్, అమ్మోనియం లవణాలు ద్రావకాలతో, సగం మిగిలిన మందు అణువులతో కలిసి బయటికొస్తాయి. పరిశ్రమ భాషలో ఇది ‘హై టీడీఎస్’ నీరు, అంటే కరిగిన లవణాలు ఎక్కువున్న నీరు. మామూలు శుద్ధి ట్యాంకులో మురుగును తినే బ్యాక్టీరియా లీటరుకు పది గ్రాముల ఉప్పు దాటితే నీరసిస్తుంది. ఇంకా పెరిగితే చస్తుంది. ఆవకాయ ఏడాదిపాటు చెడిపోకుండా ఉండటానికి ఏది కారణమో, ఫార్మా వ్యర్థజలాల్లో జీవశుద్ధి జరగకపోవడానికీ అదే కారణం. ఉప్పు కణంలోని నీటిని బయటికి లాగేస్తుంది.

అందుకే మన దగ్గర ఈ నీటిని బ్యాక్టీరియాకు వదలరు, కాచి ఆవిరి చేస్తారు. ముందు స్ట్రిప్పర్‌లో ద్రావకాలు తీస్తారు. తర్వాత ఎంఈఈ అనే బహుళ ఆవిరి యంత్రంలో చిక్కబరుస్తారు. చివరికి ఏటీఎఫ్‌డీ అనే డ్రయ్యర్‌లో ఎండబెడతారు. చుక్క నీరు బయటికి పోకూడదన్న నిబంధనకు, అంటే జెడ్‌ఎల్‌డీకి, ఇదే ఆధారం. కాగితం మీద పద్ధతి బాగానే ఉంది. అయితే ఆవిరికి బొగ్గో కరెంటో కావాలి, ఆ ఖర్చు ప్రతి లీటరు మీదా పడుతుంది. సేంద్రియ పదార్థాలు ఎక్కువైతే యంత్రం గొట్టాల్లో పాచి కడుతుంది, నురగ పొంగుతుంది. కడపట మిగిలే ఉప్పు రసాయనాలతో కలిసి రంగు మారి వాసన కొడుతుంది. ఆ ఉప్పును ఎవరూ కొనరు. ప్రమాదకర వ్యర్థంగా లెక్కగట్టి దుండిగల్ పాతరకు పంపాలి. శుద్ధికి ఖర్చు పెరిగేకొద్దీ రాత్రిపూట వాగులోకి, వానాకాలంలో చెరువులోకి వదిలేయాలన్న దురాశ పెరుగుతుంది. అడ్డుకోవాల్సింది నిఘాయే, అందులో అనుమానం లేదు. కానీ ఖర్చు తగ్గే మార్గం ఉంటే నిఘా పని కూడా సులువవుతుంది. లవణప్రియ సూక్ష్మజీవి అక్కరకొచ్చేది సరిగ్గా ఇక్కడే. ఆవిరి యంత్రానికి ముందే ఉప్పునీటిలోని సేంద్రియ కాలుష్యాన్ని అది తినేస్తే యంత్రం తేలిగ్గా నడుస్తుంది. మిగిలిన ఉప్పు శుభ్రంగా వస్తుంది, మరో పరిశ్రమకు పనికొచ్చే అవకాశం ఉంటుంది.

ఇలాంటి జీవులు మనకు కొత్తేమీ కాదు. ఉప్పు చేప మీద ఒక్కోసారి ఎర్రటి పొర కమ్మేది, ఉప్పు మళ్లలో నీరు గులాబీ రంగుకు తిరిగేది వీటి వల్లనే. సముద్రానికి దూరమైన మన మెట్ట భూముల్లోనూ ఎండాకాలం తెల్లగా పొక్కే చౌడు నేల వీటికి నివాసమే. ఇవి రెండు రకాలుగా బతుకుతాయి. కొన్ని కణం లోపలే పొటాషియం ఉప్పును నింపుకుని బయటి ఉప్పుకు సమానంగా నిలబడతాయి. వాటి ప్రొటీన్లన్నీ ఆ ఉప్పుకు అలవాటుపడినవే, ఉప్పు తగ్గితే కణమే పగిలిపోతుంది. రెండో రకం ఉప్పును బయటే ఆపి, ఎక్టోయిన్ వంటి చిన్న అణువులను లోపల తయారుచేసుకుంటాయి. ఉప్పు పెరిగితే ఎక్కువ చేసుకుంటాయి, తగ్గితే బయటికి వదిలేస్తాయి. మన పరిస్థితికి పనికొచ్చేది ఈ రెండో రకమే. ఎందుకంటే నల్లగొండ వేసవిలో తెరిచి ఉంచిన ట్యాంకు ఎండకు చిక్కబడుతుంది, ఒక్క పెద్దవాన పడితే పలచబడుతుంది. ఎప్పుడూ ఒకే ఉప్పదనం కావాలని పట్టుబట్టే జీవి ఇక్కడ ఒక రుతువు కూడా నిలవదు.

జన్యుక్రమం చదివితే ఏం తెలుస్తుంది? కరీబియన్ ద్వీపం బొనైర్‌లోని ఉప్పు మళ్ల నుంచి వేరుచేసి 1980లో లోకానికి పరిచయం చేసిన హాలోమొనాస్ ఎలాంగేటాను చూడండి. 2011లో ప్రచురితమైన దాని జన్యుక్రమంలో సుమారు 40 లక్షల అక్షరాలున్నాయి. ఎక్టోయిన్ తయారీకి, అది బయటికి పోయినప్పుడు తిరిగి లోపలికి తెచ్చుకోవడానికి, అక్కర తీరాక దాన్ని విడగొట్టి తినడానికి కావాల్సిన జన్యువులు ఏవో ఆ క్రమంలో దొరికాయి. ఈ జీవితో ఎక్టోయిన్‌ను పరిశ్రమ స్థాయిలో తయారుచేసే పద్ధతి జర్మనీలో ముందునుంచే ఉంది. ఉప్పు పెంచి, తగ్గించి, పాలు పితికినట్టు దాన్ని పిండుకుంటారు. చర్మ సంరక్షణ సామగ్రిలో అది కలుస్తుంది. కాలుష్యం విషయానికొస్తే స్పెయిన్‌లోని సెవిల్ విశ్వవిద్యాలయం వారు దక్షిణ తీరపు ఉప్పు నేలల్లో దొరికిన హాలోమొనాస్ ఆర్గనివోరన్స్‌ను 2004లో వర్ణించారు. ఫినాల్, బెంజోయిక్ ఆమ్లం, సాలిసిలిక్ ఆమ్లం వంటివాటిని అది ఆహారంగా వాడుకుంటుంది. చైనాలో చమురుతో పాడైన ఉప్పు నేల నుంచి తీసిన మార్టెలెల్లా ఏడీ-3 ఆంథ్రసీన్, ఫినాంథ్రీన్ వంటి మొండి రసాయనాలను ఉప్పులోనే విడగొడుతుంది. దాని జన్యుక్రమాన్నీ చదివారు.

ఈ రసాయనాలన్నింటికీ ఆరు కార్బన్ల వలయం వెన్నెముక. ఆ వలయాన్ని తెంచడమే కష్టమైన పని. సాధారణంగా బ్యాక్టీరియా ముందు ఆక్సిజన్‌ను తగిలించి వలయాన్ని కాటెకాల్‌గా మారుస్తుంది. తర్వాత డయాక్సిజనేజ్ అనే ఎంజైము దాన్ని తెంచుతుంది. తెగిన ముక్కలు కణం రోజువారీ శక్తి చక్రంలో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా ముగుస్తాయి. జన్యుక్రమంలో ఈ ఎంజైముల జన్యువులు వరుసగా కనిపిస్తే ఆ జీవికి పని చేసే సత్తా ఉందని అర్థం. వరుసలో ఒక్కటి లోపించినా పని మధ్యలో ఆగిపోతుంది. అలా సగంలో మిగిలిన పదార్థం మొదటిదానికంటే విషపూరితం కావచ్చు. చదవడం వల్ల కలిగే అసలు లాభం ఇదే. ట్యాంకులో వేసి చూసి నెలల తర్వాత తెలుసుకోవాల్సిన కొన్ని సంగతులు ముందే తెలుస్తాయి.

అంతకుమించి ఆశించకూడదు. జన్యువు ఉండటం వేరు, అది అవసరమైన వేళ పనిచేయడం వేరు. కొత్తగా చదివిన ఏ బ్యాక్టీరియాలోనైనా చాలా జన్యువుల పని ఏమిటో ఇంకా తెలియదు. తెలిసిందనుకున్నవాటిలోనూ ఎక్కువ భాగం పోలికను బట్టి వేసిన అంచనాలే. పరీక్షనాళికలో ఫినాల్ ఒక్కటే ఇచ్చినప్పుడు ఆకలిగా తినే జీవి, పది ద్రావకాలు కలిసిన నీటిలో ముందు సులువైనదాన్నే ఎంచుకుంటుంది. ఇవాళ ఒక బ్యాక్టీరియా జన్యుక్రమాన్ని చదివించడం పరిశోధక విద్యార్థి గ్రాంటులో ఇమిడే ఖర్చు. చదివిన క్రమాన్ని వెయ్యి లీటర్ల ట్యాంకు దాకా తీసుకెళ్లే డబ్బు, స్థలం, ఫ్యాక్టరీ అనుమతి మాత్రం దొరకవు. మన విశ్వవిద్యాలయాల్లో పత్రాలు పెరుగుతూ, చౌటుప్పల్ బోర్లలో నీరు మారకపోవడానికి కారణం ఈ మధ్య దూరమే.

దీనిపై మూడు వాదనలు ఎదురెదురుగా నిలుస్తున్నాయి. తగిన జీవిని ఎంచుకుని వదిలితే చాలని జీవసాంకేతిక రంగంలో కొందరి నమ్మకం. దీనికి చరిత్ర ఇచ్చిన మద్దతు తక్కువ. అలాస్కాలో 1989లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ చమురు ఒలికినప్పుడు తీరం మీద పనిచేసింది బయటి బ్యాక్టీరియా కాదు. నత్రజని, భాస్వరం ఎరువుగా చల్లితే అక్కడే ఉన్న జీవులు చురుకుగా పెరిగి చమురును తిన్నాయి. బయటి నుంచి తెచ్చి కలిపినవాటి వల్ల స్పష్టమైన అదనపు లాభం కనిపించలేదు. కొత్త జీవికి స్థానిక జీవులతో పోటీ ఉంటుంది, దాన్ని తినే ప్రోటోజోవా ఉంటాయి, చంపే వైరస్‌లు ఉంటాయి. రెండో వాదన కెమికల్ ఇంజినీర్లది. బల్క్‌డ్రగ్ యూనిట్లు ఒక నెల ఒక మందు, మరో నెల మరో మందు తయారుచేస్తాయి, నీటి స్వభావం ప్రతిసారీ మారిపోతుంది, దాన్ని తట్టుకునేది బ్యాక్టీరియా కాదు, ఆవిరే అంటారు వారు. ఇందులో బలం ఉంది. అయితే ఆవిరి యంత్రం కూడా ఆ మార్పులకు గొట్టాలు పాడై ఆగిపోతూనే ఉంది. ఒకే జీవి బదులు నాలుగైదు జీవుల గుంపును ఎంచుకుంటే, ఎవరు ఏది తింటారో జన్యుక్రమాల ద్వారా ముందే లెక్క వేసుకుంటే, ఈ అభ్యంతరం చాలావరకు తగ్గుతుంది.

మూడో వాదన ఊళ్లది. శుద్ధి సంగతి తర్వాత, అసలు ఫ్యాక్టరీయే వద్దన్నది వాళ్ల మాట. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండిన కొడంగల్ ప్రాంతంలోని లగచర్లలో 2024 నవంబరులో ఫార్మా భూసేకరణ మీద అభిప్రాయసేకరణ ఉద్రిక్తంగా మారింది. ఆ నెల చివరికే ప్రభుత్వం ఫార్మా ప్రతిపాదనను వెనక్కి తీసుకుంది. ఈ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేసేవారు మూసీ ఒడ్డున ఒక్క పూట నిలబడి చూడాలి. కొత్త సాంకేతికత పేరు చెప్పి కొత్త అనుమతులు ఇవ్వడానికి ఈ వ్యాసంలో ఏ మద్దతూ లేదు. ఇప్పటికే నడుస్తున్న యూనిట్ల నుంచి ఇప్పటికే పుడుతున్న ఉప్పునీటికి మాత్రమే ఈ చర్చ.

ఫ్లోరైడ్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే నల్లగొండలో ఏ నీటి వార్త వచ్చినా మనసు అటే పోతుంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేసి దేశం దృష్టిని ఈ నీటి గోసవైపు తిప్పారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందిస్తే, దానికి ప్రపంచవ్యాప్తంగా ‘నల్లగొండ పద్ధతి’ అన్న పేరు స్థిరపడింది. ఫ్లోరైడ్ ఒకే మూలకపు అయాన్. విడగొట్టడానికి అందులో ఏమీ లేదు. బ్యాక్టీరియా దాన్ని తినదు, తన లోపలికి వచ్చినదాన్ని బయటికి తోసేస్తుంది. ఆ తోసే ప్రొటీన్లను, వాటిని మేల్కొలిపే ఆర్‌ఎన్‌ఏ మీటను అమెరికా శాస్త్రవేత్తలు 2012లో గుర్తించారు. అంటే ఫ్లోరైడ్‌ను తట్టుకునే జీవి మన బోరు నీటిలో దొరికితే అది వింత కాదు, నీటిని అది బాగుచేసేదీ లేదు. కాలుష్యంలోని ఉప్పుకూ ఇదే వర్తిస్తుంది. లవణప్రియ జీవి ఉప్పులో బతుకుతుంది, ఉప్పును మాయం చేయదు. టీడీఎస్ అంకె అది వచ్చాక కూడా దాదాపు అంతే ఉంటుంది. సీసం, క్రోమియం వంటి లోహాలు రూపం మారుతాయి తప్ప పోవు. ‘బ్యాక్టీరియాతో నీళ్లు తాగునీరయ్యాయి’ అని ఎవరైనా చెబితే ఉప్పు ఎక్కడికి పోయిందో అడగాలి.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి. మందుల వ్యర్థజలాల్లో దొరికే బ్యాక్టీరియా, కాలుష్యాన్ని తినడంతోపాటు యాంటీబయాటిక్‌లకు లొంగని గుణాన్ని కూడా నేర్చుకుని ఉంటుంది. పటాన్‌చెరులో సుమారు 90 కంపెనీల నీటిని శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. ఒక్కరోజులో బయటికి పోయిన ఆ మందు 45 కిలోలని, అప్పటి స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడేదానికి సమానమని వారు లెక్కగట్టారు. అదే కేంద్రం నుంచి తీసిన ఆక్రోబాక్ట్రమ్ ఇంటర్మీడియం అనే బ్యాక్టీరియా జన్యుక్రమాన్ని చదివి 2013లో ప్రచురించారు. ఈ ప్రజాతి జీవులకు ఫినాల్‌ను, పురుగుమందులను విడగొట్టగలవన్న పేరుంది. కానీ ఆ క్రమంలో బయటపడింది వేరు. బయటి నుంచి సంపాదించుకున్న నిరోధక జన్యువులు, వాటిని ఒక జీవి నుంచి మరో జీవికి మోసుకెళ్లే సాధనాలు అందులో ఉన్నాయి. చదవకుండా దాన్ని ‘కాలుష్య భక్షకి’ అని పేరుపెట్టి ట్యాంకులో పెంచి ఉంటే, లీటర్లకొద్దీ నిరోధక జన్యువులను పెంచినట్టే అయ్యేది.

అందుకే ఏ జీవినైనా శుద్ధికి వాడేముందు దాని జన్యుక్రమాన్ని చదవడం ఐచ్ఛికం కాకూడదు, షరతు కావాలి. నిరోధక జన్యువులు కదిలే ప్లాస్మిడ్ల (చిన్న డీఎన్‌ఏ వలయాల) మీద ఉన్నాయా, రోగకారక గుణాలు ఉన్నాయా అని చూడాలి. ఉంటే ఎంత సమర్థమైనదైనా పక్కన పెట్టాలి. మార్కెట్లో పొడి రూపంలో, ద్రవ రూపంలో అమ్మే ‘బయో కల్చర్’లకూ ఇదే నిబంధన ఉండాలి. లోపల ఏ జీవి ఉందో చెప్పని సీసాను శుద్ధి కేంద్రంలో పోయడానికి ఇప్పుడున్న ధీమా నాకు అంతుపట్టదు. జన్యుమార్పిడి చేసిన జీవులకు 1989 నిబంధనల కింద జన్యు ఇంజినీరింగ్ మదింపు కమిటీ (జీఈఏసీ) అనుమతి కావాలి. సహజ జీవులకు అంత కట్టుదిట్టం లేదు. నిరోధక జన్యువుకు తాను సహజమైన జీవిలో ఉన్నానా, మార్చిన జీవిలో ఉన్నానా అన్న పట్టింపు లేదు.

ఇతర దేశాలు ఏ దారిలో ఉన్నాయి? ఒమన్‌లోని నిమ్ర్ చమురు క్షేత్రంలో చమురుతోపాటు పైకొచ్చే ఉప్పగా ఉండే నీటిని 2011 నుంచి ఎడారిలో విశాలమైన రెల్లు మడుల్లోకి వదిలి శుభ్రం చేస్తున్నారు. వేర్ల చుట్టూ స్థిరపడిన సూక్ష్మజీవులు చమురును తింటాయి. చివరి నీటిని ఎండకు వదిలి ఉప్పును ఏరుకుంటారు. అక్కడ ఎవరూ ఒక వీర సూక్ష్మజీవిని తెచ్చి వదలలేదు, దానికి బతికే వసతి కల్పించారు. యూరప్ దృష్టి డబ్బు మీద పెట్టింది. 2024 నవంబరులో ఆమోదించిన పట్టణ వ్యర్థజలాల ఆదేశం ప్రకారం సూక్ష్మ కాలుష్యాలను తీసే అదనపు శుద్ధి ఖర్చులో కనీసం 80 శాతం మందులు, సౌందర్య సామగ్రి తయారీదారులే భరించాలి. స్విట్జర్లాండ్ 2016 నుంచే ఇలాంటి అదనపు శుద్ధిని చట్టబద్ధంగా విస్తరిస్తోంది. యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో తొలిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. మన దేశం మాత్రం 2020 జనవరి ముసాయిదాలో 121 యాంటీబయాటిక్‌లకు పరిమితులు ప్రతిపాదించి, 2021 ఆగస్టులో తుది ప్రకటనలో వాటిని తొలగించింది. పరిమితే లేని పదార్థాన్ని తీసేయడానికి ఏ కంపెనీ కొత్త ట్యాంకు కడుతుంది? ఏ పరిశోధనశాల దాన్ని తినే జీవి కోసం వెతుకుతుంది? ఆ పరిమితులను తిరిగి తేవడమే మొదటి పని. జన్యు పరిశోధనకు అదే అసలు గిరాకీ అవుతుంది.

రాష్ట్రం చేయగలిగింది కూడా తక్కువేమీ కాదు. పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీ రెండూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. 2020లో ఇవే రెండూ కలిసి నగర మురుగునీటిని పరీక్షించి కొవిడ్ వ్యాప్తిని అంచనా వేశాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, జేఎన్‌టీయూ శాస్త్రవేత్తలు కలిసి ఎన్నో కొత్త బ్యాక్టీరియాలను లోకానికి పరిచయం చేశారు. మన వరిమళ్ల మట్టిలో దొరికిన, బెంజోయేట్‌ను తినే రూబ్రివివాక్స్ బెంజోయాటిలిటికస్ వాటిలో ఒకటి. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్నాయి. చౌడు నేలలు, ఆవిరి యంత్రాల తొట్లు, వాటి అడుగు బురద వీటికి కూతవేటు దూరంలోనే ఉన్నాయి. అక్కడి జీవులను వేరుచేసి, క్రమాలు చదివి, నమూనాలను సూక్ష్మజీవుల భాండాగారాలైన చండీగఢ్ ఎంటీసీసీలో, పుణే ఎన్‌సీఎంఆర్‌లో భద్రపరిచే పని ఈ రెండు విశ్వవిద్యాలయాలకు అప్పగించవచ్చు. పైలట్ ట్యాంకుకు స్థలాన్ని ఫ్యాక్టరీ ఇవ్వాలి, ఖర్చును పరిశ్రమల సంఘం భరించాలి, ఫలితాన్ని కాలుష్య నియంత్రణ మండలి బహిరంగంగా ప్రకటించాలి. ఏ ఒక్కరి చేతిలో మూడూ ఉంచకూడదు.

యాజమాన్యం ప్రశ్న కూడా తేల్చాలి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక జీవ వనరు నుంచి వ్యాపార లాభం పొందితే అందులో ఆ ప్రాంతానికి వాటా ఉండాలి. క్రమాన్ని మాత్రం కంప్యూటర్ నిధిలో పెట్టాక ప్రపంచంలో ఎవరైనా దించుకోవచ్చు. ఇలాంటి డిజిటల్ సమాచారం వాడుకున్న కంపెనీలు చందా ఇచ్చేలా 2025 ఫిబ్రవరిలో రోమ్‌లో కాలీ నిధిని ప్రారంభించారు గానీ, ఆ చందా స్వచ్ఛందమే. చౌటుప్పల్ చౌడులో దొరికిన జన్యువు నుంచి రేపు ఒక ఎంజైము పుడితే, దశాబ్దాలుగా కలుషిత నీళ్లు తాగిన ఊరికి ఏం దక్కుతుందో ఇప్పుడే రాసుకోవాలి.

చివరగా కొలత. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాద్ దాటి, పోచంపల్లి, వలిగొండ మీదుగా కత్వ (చిన్న ఆనకట్ట) తర్వాత కత్వ కింద పొలాలను తడుపుతూ, సూర్యాపేట దగ్గరి ప్రాజెక్టును నింపి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అక్కణ్నుంచి ఆ నీరు పులిచింతలకు, ప్రకాశం బరాజ్‌కు పోతుంది. ఇప్పుడు మనం ఈ నదిలో కొలిచేది ప్రధానంగా ఆక్సిజన్, టీడీఎస్, కోలిఫాం. ప్రతి కత్వ దగ్గరా నీటిలోని మొత్తం సూక్ష్మజీవుల డీఎన్‌ఏను ఒకేసారి చదివితే, ఎక్కడ నిరోధక జన్యువులు ఒక్కసారిగా పెరుగుతున్నాయో, ఎక్కడ ఉప్పును కోరే జీవులు హఠాత్తుగా కనిపిస్తున్నాయో తెలుస్తుంది. మంచినీటి నదిలో లవణప్రియ జీవులు గుంపుగా కనిపించాయంటే పైన ఎక్కడో ఎవరో ఉప్పునీటిని వదిలారని అనుమానించాలి. ట్యాంకర్ వచ్చి వెళ్లిన రాత్రి ఎవరూ చూడకపోయినా, నీటి అడుగు బురదలో ఆ జాడ కొంతకాలం మిగులుతుంది. నదిలో పైనుంచి వచ్చే వాననీరు లేని ఏప్రిల్, మే నెలలే ఈ నమూనాలు తీయడానికి సరైన సమయం. అంబర్‌పేట నుంచి వాడపల్లి దాకా ఒక్క వేసవి నమూనాలు తీస్తే చాలు, శుద్ధికి ఏ జీవి కావాలో, ఏ ఫ్యాక్టరీ గేటు ముందు వెతకాలో రెండూ ఒకే పట్టికలో కనిపిస్తాయి.